తేదీ ముద్ర పడిన జలపాతం

1961 ఆగస్టు 13, ఆదివారం. అప్పటి మైసూరు రాష్ట్రంలోని సాగర పట్టణంలో, తపాలా కార్యాలయంలో పనిచేసే ఒక తెలుగు గుమాస్తా తెల్లవారుజామున మొదటి బస్సెక్కి జోగ్ జలపాతానికి బయలుదేరాడు. ఆయన స్వస్థలం అనంతపురం జిల్లా. వానకోసం మొగం వాచిన నేలమీద పుట్టి పెరిగినవాడు కావడంవల్ల, వారాల తరబడి తెరిపి లేకుండా కురిసే మలెనాటి వర్షం ఆయనకు భయాన్నీ, ఆశ్చర్యాన్నీ ఒక్కసారిగా కలిగించింది. ఆయన భుజాన ఒక గుడ్డసంచి, సంచిలో తువ్వాలు చుట్టిన పాత పెట్టె కెమేరా ఉన్నాయి. బదిలీపై వెళ్ళిపోతున్న ఒక సహోద్యోగి వద్ద దానిని సగం ధరకు కొన్నాడు. ఆ కెమేరాకు ఉన్నది ఒకే వేగం. చుట్టలో ఉన్నవి ఎనిమిదే బొమ్మలు.

జలపాతాన్ని చేరేసరికి అక్కడ జలపాతం లేదు. లోయనిండా తెల్లని పొగమంచు పరచుకొని ఉంది. నేల అదిరేటట్టు హోరు మాత్రం వినిపిస్తోంది. అప్పుడప్పుడు ఆ తెర ఒక మూల పలచబడి, నల్లని రాతిగోడ కనిపించి, మళ్ళీ మూసుకొనేది. గట్టున చదునైన ఒక పెద్ద రాయి చూసుకొని, ఆయన గొడుగు కింద కూర్చున్నాడు. తొందరపడి ఏడు బొమ్మలు తీశాడు. ఎనిమిదవదాన్ని దాచుకొన్నాడు.

మధ్యాహ్నం దాటాక గాలి మారింది. ఉన్నట్టుండి మంచు విచ్చిపోయింది. 253 మీటర్ల ఎత్తునుంచి శరావతి యావత్తూ ఒక్కసారిగా కిందికి దూకుతూ దర్శనమిచ్చింది. ఏ ఆధారమూ లేకుండా నిలువునా పడే రాజా, గర్జించుకొంటూ వచ్చి దానిలో కలిసే రోరర్, తారాజువ్వల్లా నీటిని చిమ్మే రాకెట్, నురగల చీర జార్చుకొంటూ దిగే రాణి. నాలుగు పాయలూ వరద ఉధృతిలో దాదాపు ఒకే తెరగా కలిసిపోయాయి. ఆయన కెమేరాను పొట్టకు ఆనించుకొని, ఊపిరి బిగబట్టి మీట నొక్కాడు. రెండు నిమిషాలలో తెర మళ్ళీ పడిపోయింది.

ఫిల్ము కడిగించి చూస్తే ఏడు బొమ్మలలోనూ తెలుపు తప్ప మరేమీ లేదు. ఎనిమిదవ దానిలో జలపాతం ఉంది. కాని కటకంపై పడిన ఒక నీటిబొట్టు కారణంగా కుడివైపు మూడవవంతు అలుక్కుపోయింది. ఆయన భార్య ఆ ఎనిమిది కాగితాలనూ వరుసగా పేర్చి చూసి, “ఏమండీ, రానూ పోనూ బస్సు చార్జీలు పెట్టుకొని పొగమంచును ఫొటో తీసుకొచ్చారా?” అని అడిగింది. ఆయన నవ్వి ఊరుకొన్నాడు. ఆ మచ్చపడ్డ బొమ్మ వెనుక మాత్రం పెన్సిలుతో తేదీ, వేళ, తాను నిలబడిన రాయి గుర్తులు, నీటి పరిస్థితి వ్రాసిపెట్టాడు. అది ఆయన ఉద్యోగం నేర్పిన అలవాటు. తేదీ, ఊరు లేని ముద్రను తపాలా మనిషి ముద్రగా ఒప్పుకోడు.

*

కొండలనూ, జలపాతాలనూ ఫొటో తీయడానికి సెలవు రోజులలో బయలుదేరే మనిషిని చూసి లోకం కొంచెం జాలిపడుతుంది. అది అతని వృత్తి కాదు. దానివల్ల ఆదాయం లేదు. పైగా చేతి డబ్బు వదులుతుంది. ఇంగ్లీషులో అటువంటివానిని ‘అమెచ్యూర్’ అంటారు. ఆ మాటకు మూలం ‘ప్రేమించేవాడు’ అన్న అర్థమిచ్చే లాటిన్ పదం. తెలుగువారు ‘ఔత్సాహికుడు’ అంటారు. ఒకటి ప్రేమనుంచి పుట్టిన మాట, రెండవది ఉత్సాహంనుంచి. ‘పని తెలియనివాడు’ అన్న అర్థం రెండింటిలోనూ లేదు. ఆ అర్థాన్ని లోకం తరువాత తగిలించింది.

పర్వత ఛాయాచిత్రకళలో నేటికీ శిఖరప్రాయుడుగా పరిగణింపబడే విట్టోరియో సెల్లా అటువంటి ఔత్సాహికుడే. 1859లో ఇటలీలోని బియెల్లా పట్టణంలో ఉన్ని పరిశ్రమ నడిపే కుటుంబంలో పుట్టాడు. తండ్రి ఇటాలియన్ భాషలో ఫొటోగ్రఫీ గురించి తొలి గ్రంథం వ్రాసినవాడు. పినతండ్రి ఇటలీ దేశపు పర్వతారోహక సంఘాన్ని స్థాపించినవాడు. ఈ రెండు అభిరుచులూ సెల్లాలో ఒకటయ్యాయి. ఆయన పెద్ద కెమేరా బరువు సుమారు పద్ధెనిమిది కిలోలు. దానిలో పెట్టే ఒక్కొక్క గాజుపలక 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవు. ఆ సామగ్రితో ఆయన ఆల్ప్స్ శిఖరాలెక్కాడు. కాకసస్ పర్వతాలకు మూడుసార్లు వెళ్ళాడు. 1899లో ఇంగ్లీషు పర్వతారోహకుడు డగ్లస్ ఫ్రెష్‌ఫీల్డ్ బృందంతో కలిసి కాంచనజంఘ చుట్టూ ప్రదక్షిణం చేశాడు. ఆ యాత్రలో అకాలంగా భారీ హిమపాతం వచ్చిపడింది. ఎక్కేవారికి అది విఘాతమైంది. సెల్లాకు మాత్రం కొత్త మంచు కప్పుకొన్న సిక్కిం శిఖరాలు దొరికాయి. సినియోల్చు శిఖరం సౌందర్యాన్ని ప్రపంచానికి చాటినది ఆయన తీసిన బొమ్మే. పది సంవత్సరాల తరువాత, 1909లో, అబ్రూజి డ్యూకు వెంట కారకోరం వెళ్ళి కె2 శిఖరాన్ని చిత్రించాడు.

ఇంత బరువు ఎందుకు మోశాడన్న ప్రశ్నకు సమాధానం ఆ చిత్రాలలోనే ఉంది. వాటిలో ఒక్కొక్క మంచు పగులునూ, ఒక్కొక్క రాతి అంచునూ లెక్కపెట్టవచ్చు. పర్వతాన్ని పొగడాలన్న ఆత్రం కంటె, దానిని ఉన్నదున్నట్లు చూడాలన్న పట్టుదల వాటిలో ఎక్కువ.

*

ఉన్నదున్నట్లు చూడడం పలకడానికి తేలికైన మాట. కెమేరా పట్టినవానికి దాని కష్టం తెలుస్తుంది. మంచుకొండను ఫొటో తీసి చూస్తే మంచు బూడిదరంగులోకి దిగుతుంది. లైట్‌మీటరుకు తెలుపూ నలుపూ తెలియవు; ఎదురుగా ఉన్నదంతా మధ్యరకం బూడిదరంగు అనుకొని లెక్కకట్టడమే దాని స్వభావం. కాబట్టి మంచు మంచులా రావాలంటే, మీటరు చెప్పినదానికంటె ఒకటి రెండింతలు ఎక్కువ వెలుతురును లోపలికి రానివ్వాలి. జలపాతపు నురుగుకూ ఇదే సూత్రం. అంటే, యంత్రం చెప్పినదానిని కన్ను సరిదిద్దుకోవాలి.

జలపాతం మరొక చిక్కు పెడుతుంది. సెకనులో అయిదు వందలవ వంతు వేగంతో తీస్తే, దూకే నీరు గాలిలో గడ్డకట్టిన గాజుపూసలవలె వస్తుంది. కెమేరాను ముక్కాలిపీటమీద బిగించి ఒక పూర్తి సెకను తెరిచి ఉంచితే, అదే నీరు ఆరవేసిన పట్టుబట్టలా మారుతుంది. మనిషి కన్ను ఈ రెంటినీ చూడదు. ఏది నిజమన్న వాదం ఔత్సాహికులలో ఎన్నటికీ తెగదు. సాగర గుమాస్తాకు మొదట్లో ఈ బాధ లేదు. ఆయన కెమేరాకు ఒకటే వేగం. కాని క్రమంగా ఆయనకూ పనితనం అబ్బింది. ముప్ఫయి అయిదు మిల్లీమీటర్ల కెమేరా కొన్నాడు, ముక్కాలిపీట చేయించుకొన్నాడు. రాత్రి వంటగది కిటికీలకు దుప్పట్లు కట్టి, ఎర్రదీపం వెలుగులో తానే ప్రింట్లు వేసుకోవడం నేర్చుకొన్నాడు. ప్రతి ఆగస్టులోనూ అదే రాయి మీదికి వెళ్ళి ఒక బొమ్మ తీసేవాడు. వేరే ఊళ్ళకు బదిలీ అయినా సెలవు పెట్టి వచ్చేవాడు. ఏ కారణంచేతనైనా రాలేకపోయిన సంవత్సరాలు లేకపోలేదు. వాటికి ఆల్బములో ఖాళీ స్థలం వదిలేవాడు.

ఆ ఆల్బములో 1964 తరువాత బొమ్మలు మారాయి. ఆ సంవత్సరం జలపాతానికి కొద్ది కిలోమీటర్ల ఎగువన లింగనమక్కి ఆనకట్ట పూర్తయింది. అంతకు ముందునుంచే, 1940వ దశకపు చివరినాటి నుంచే, జోగ్ దిగువన ఒక విద్యుత్కేంద్రం పనిచేస్తూ వచ్చింది. కాని నదిని సంవత్సరం పొడవునా అదుపులో పెట్టినది ఈ కొత్త జలాశయమే. దాని నీటితో నడిచే శరావతి కేంద్రం సామర్థ్యం పెరిగి 1,035 మెగావాట్లకు చేరింది. అనేక సంవత్సరాలపాటు రాష్ట్రానికంతటికీ దీపం పెట్టిన ప్రధాన కేంద్రాలలో అదొకటి. జలాశయం నిండి తలుపులెత్తినప్పుడు పాత జలపాతం కొన్నాళ్ళపాటు తిరిగి ప్రాణం పోసుకొంటుంది. వానలు చాలని సంవత్సరంలో, శ్రావణమాసంలో సైతం నల్లని బండమీద నాలుగు తెల్లదారాలు వేలాడుతుంటాయి. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ నదిమీది డుడుమ జలపాతానిదీ ఇటువంటి కథే. 1955 నుంచి ఆ నీటి దూకుడు విద్యుత్తుగా మారుతూ వచ్చింది.

గుమాస్తా దీనిమీద ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు. చేయడానికి నోరు రాలేదని చెప్పడం ఇంకా సరియైనది. ఆయన వంటగదిలో ప్రింటు వేయడానికి వెలిగే బల్బు ఆ నది కరెంటుతోనే వెలుగుతోంది. అనంతపురంలో తన తల్లి కిరసనాయిలు దీపం ముందు కూర్చుని కళ్ళు పాడుచేసుకొన్న సంగతి ఆయనకు గుర్తుంది. జలపాతం తగ్గి, వెలుగు పెరిగింది. ఆ లెక్క న్యాయమా, అన్యాయమా అని తేల్చడం తనకు శక్యం కాదని ఆయన ఎరుగును. లెక్కలో పోయినదేమిటో ఎక్కడో ఒకచోట వ్రాసి ఉండాలి అన్నదొక్కటే ఆయన పట్టు.

*

ఆ పట్టు ఒకసారి సడలింది. 1970వ దశకంలో జిల్లా స్థాయిలో ఛాయాచిత్రాల పోటీ ఒకటి ప్రకటించారు. ఆ ఏడు వర్షాలు బాగుండి జలపాతం నిండుగా ఉంది. ఆయన తీసిన బొమ్మ కూడా స్ఫుటంగా వచ్చింది. కాని పైన ఆకాశం తెల్లకాగితంలా బోడిగా ఉంది. చీకటిగదిలో పనిచేసేవారందరికీ తెలిసిన ఉపాయం ఆయనకూ తెలుసు. మరొక సంవత్సరం మరొకచోట తీసిన మేఘాల నెగెటివును తెచ్చి, ఆ ఖాళీలో నేర్పుగా ముద్రించాడు. కాటుక మబ్బుల కింద జలపాతం దేదీప్యమానంగా వెలిగింది. ఆ చిత్రానికి మొదటి బహుమతి వచ్చింది. భార్య పక్కింటివారికి పాయసం పంపింది.

బహుమతి బొమ్మ ఇంటికి తిరిగివచ్చిన రాత్రి, ఎప్పటిలాగే వెనుక తేదీ వ్రాయడానికి ఆయన పెన్సిలు తీసుకొన్నాడు. చేయి ఆగిపోయింది. ఏ తేదీ వ్రాయాలి? నీరు ఒకనాటిది, మబ్బు మరొకనాటిది. ఒక కవరుమీద రెండు ఊళ్ళ, రెండు రోజుల ముద్రలు వేసి పంపమంటే తాను ఉద్యోగంలో ఒప్పుకొంటాడా? చాలాసేపు కూర్చుని, చివరకు రెండు తేదీలూ వ్రాసి, ‘నీరు ఇప్పటిది, ఆకాశం అప్పటిది’ అని కింద చేర్చాడు. ఆ బొమ్మను గోడకు తగిలించలేదు. దాచిపెట్టనూ లేదు. ఆల్బములో దాని సంవత్సరం దగ్గర ఖాళీ వదిలి, బొమ్మను చివరి అట్టలో దోపి ఉంచాడు.

తప్పుచేసిన ఔత్సాహికులకు ఊరట కలిగించే ఉదంతం ఒకటి పర్వతాల చరిత్రలో ఉంది. 1921లో ఎవరెస్టు దారి వెతకడానికి వెళ్ళిన తొలి బ్రిటిష్ బృందంలో జార్జి మేలరీ ఉన్నాడు. అంతకు ముందు ఆయన బడిపంతులు. ఫొటోలు తీసే బాధ్యత ఆయనమీద పడింది. ఆయన తెలియక గాజుపలకలను వెనుకవైపు ముందుకు పెట్టాడు. ఎంతో శ్రమపడి ఎక్కిన ఎత్తులనుంచి తీసిన బొమ్మలు అనేకం వ్యర్థమయ్యాయి. సంగతి తెలిశాక, మళ్ళీ ఎక్కి మళ్ళీ తీయవలసివచ్చింది. అయినా ఆ సంవత్సరం ఆయన తీసిన రోంగ్‌బుక్ హిమనదం చిత్రం ఒకటి మిగిలింది. 2007లో అమెరికన్ పర్వతారోహకుడు డేవిడ్ బ్రేషియర్స్ ఆ చిత్రాన్ని చేతబట్టుకొని, మేలరీ నిలబడిన చోటే నిలబడి, అదే దృశ్యాన్ని తీశాడు. రెండింటినీ పక్కపక్కన పెడితే, మధ్యకాలంలో సుమారు వంద మీటర్ల మందం మంచు మాయమైనట్లు తేలింది. ఏ పంచాంగమూ, ఏ ఉపన్యాసమూ చెప్పలేనంత సూటిగా ఆ రెండు కాగితాలు చెప్పాయి.

సెల్లా చిత్రాలకూ అటువంటి పునర్జన్మ లభించింది. ఇటలీ ఛాయాగ్రాహకుడు ఫాబియానో వెంతూరా 2009లో కారకోరంలోనూ, ఆ తరువాత కాకసస్‌లోనూ పాత చిత్రాల స్థానాలను వెతికి పట్టుకొని కొత్త చిత్రాలు తీశాడు. కాకసస్‌లో హిమనదాలు బాగా వెనక్కు తగ్గిపోయాయి. కారకోరంలోని పెద్ద హిమనదాలు మాత్రం అంతగా క్షీణించలేదు. ఈ తేడా ముఖ్యమైనది. నిజాయితీగల సాక్షి, అడిగినవారికి ఇష్టమైన సమాధానమే చెప్పడు, చూసినది చెబుతాడు. ఈ చిత్రాలు తీసిననాడు ఆ ఇద్దరిలో ఎవరూ భవిష్యత్తుకు సాక్ష్యం చెబుతున్నామని అనుకొని ఉండరు. కొండ ముందు నిలబడి, దానిని శ్రద్ధగా చూశారు. అంతే.

*

ఈనాడు సెల్‌ఫోను లేని యాత్రికుడు లేడు. ఎనిమిది బొమ్మలకు లోబడిన రోజులు పోయాయి. ఉదకమండలంలో 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కర్మాగారం కూడా మూతపడింది. వర్షాకాలపు ఆదివారం ఒక్కరోజులో జోగ్ వద్ద తీసే చిత్రాలు పాతకాలపు ఆల్బములన్నింటిలో పట్టవు. ఒక మీట నొక్కితే లేని మబ్బులు వస్తాయి. మరొక మీట నొక్కితే ఎండిన బండమీద నీరు దూకుతుంది. ఆనాడు గుమాస్తా ఒక రాత్రంతా మేలుకొని చేసిన తప్పును ఈనాడు ఎవరైనా రెండు క్షణాలలో, తప్పని తెలియకుండానే చేయవచ్చు. తేలికగా దొరికిన చిత్రంకోసం ప్రాణాన్ని తేలికచేసుకొనేవారూ ఉన్నారు. కటకటాలు దాటి, పాచిపట్టిన రాళ్ళమీద నిలబడి తమ ముఖాన్ని తామే తీసుకొనబోయి జారిపడినవారి వార్తలు ప్రతి వర్షాకాలంలోనూ వస్తూనే ఉన్నాయి. జలపాతానికి వీపు పెట్టి నిలబడినవానికి జలపాతం కనబడదు.

గుమాస్తా పదవీ విరమణ చేసిన కొన్నేళ్ళకు, మోకాళ్ళు సహకరించక జోగ్ ప్రయాణాలు మానుకొన్నాడు. ఒకనాటి సాయంకాలం ఆయన కూతురు ఆల్బము తిరగవేస్తూ, మొదటి పేజీలోని మచ్చపడ్డ బొమ్మ దగ్గర ఆగింది.

“నాన్నా, ఇంత మంచి బొమ్మలు తీశారు కదా. పాడైపోయిన దీన్ని ముందెందుకు పెట్టారు?” అని అడిగింది.

ఆయన కళ్ళజోడు సవరించుకొని బొమ్మను చేతికి తీసుకొన్నాడు. “పాడైంది నా కటకం తల్లీ, నది కాదు. ఆనకట్ట కట్టకముందు శరావతి ఇలా ఉండేదని చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఇదొక్కటే” అన్నాడు. కొంతసేపు ఊరుకొని, “మిగతావి నేను బాగా తీసినవి. ఇది అది బాగా ఉన్నప్పటిది” అన్నాడు.

ఆయన పోయిన తరువాతి సంవత్సరం ఆగస్టులో కూతురు ఒంటరిగా జోగ్ వెళ్ళింది. తండ్రి వ్రాసిపెట్టిన గుర్తుల ప్రకారం రాయిని వెతికింది. ఆ రాయి ఇప్పుడు కటకటాల అవతల పడింది. ఆమె దాటలేదు. తండ్రి ఉంటే దాటనిచ్చేవాడు కాడు. కటకటాల ఇవతల, రాయికి సూటిగా నిలబడి ఫోను పైకెత్తింది. ఆ ఏడు వానలు వెనుకబడ్డాయి. జలాశయం నిండలేదు. ఎదురుగా తడిసిన నల్లబండ, దానిమీద నాలుగు సన్నని ధారలు. చుట్టూ ఉన్న యాత్రికులు నిరాశపడి ఫోనులు జేబులలో పెట్టుకొని వెళ్ళిపోతున్నారు. ‘ఇందులో తీయడానికేముంది?’ అని ఎవరో అనడం ఆమెకు వినబడింది.

ఆమె ఒకే ఒక బొమ్మ తీసింది. రంగులు దిద్దలేదు, మబ్బులు చేర్చలేదు. ఇంటికి వచ్చి దానిని కాగితంమీద ముద్రింపించి, వెనుక పెన్సిలుతో తేదీ, వేళ వ్రాసింది. ‘రాయికి నాలుగడుగుల ఇవతలనుంచి’ అని వ్రాసింది. నీటి పరిస్థితి అని తండ్రి వ్రాసేచోట, ‘తక్కువ’ అని వ్రాసి, ఆల్బములో తరువాతి ఖాళీలో అతికించింది.